పెరిగిన నాలుగు గాజులు

"అంకుల్, ఒక బొంతకు కరెంటు ఇవ్వాలి, వస్తారా?" అని ఫోనొచ్చే నాటికి నేను రైల్వే ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్లు.

ముప్పై మూడేళ్లు బోగీల్లో లైట్లు, ఫ్యాన్లు చూసినవాణ్ణి. మా నాయన నిజామాబాద్ వైపు నుంచి పట్టాల పనికి వచ్చి నాందేడ్‌లోనే ఉండిపోయాడు, నేను ఇక్కడే పుట్టి ఇక్కడే ఫిట్టరునయ్యాను. పెళ్లి మండపాలకు కరెంటు ఇచ్చాను, గణపతి పందిళ్లకు ఇచ్చాను, ఒకసారి పక్కింటి కోళ్ల గూటికి కూడా ఇచ్చాను. బొంతకు ఇవ్వమని ఎవరూ అడగలేదు. రిటైరయ్యాక ఇంట్లో ఊసుపోక ఉన్న స్విచ్చులన్నీ విప్పి మళ్లీ బిగిస్తూ ఉండేవాణ్ణి. ఆ ఫోను మాటలు మా ఆవిడ వంటింట్లోంచి విన్నది. "ఎటన్న పోయి రారాదుండ్రి, ఇంట్ల బటన్లన్ని లూజైనయి," అంది. పోయాను.

ఇప్పుడు ఏదో ఒక పనిలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ముప్పై మూడేళ్ల సర్వీసులో నేర్చుకోని ఒక సంగతి, సర్వీసు అయిపోయాక వారం రోజుల పనిలో నేర్చుకున్నాను. దానికి నేను గర్వపడటం లేదు.

మా ఊళ్లో మొదటిసారి ఆర్టు మేళా పెట్టారు. పెళ్లిళ్లు చేసుకునే ఒక మంగళ కార్యాలయాన్ని మూడు రోజులకు తీసుకున్నారు. పుణె నుంచి, హైదరాబాద్ నుంచి ఆర్టిస్టులు వచ్చారు. ఒకావిడ చీరలను చింపి గోడంత వల అల్లింది. ఒకాయన కాలిపోయిన ట్యూబులైట్లను నేలమీద గుట్టగా పోసి దానికి పెద్ద పేరు పెట్టాడు. అలాంటి గుట్ట మా షెడ్డు వెనక నేను చేరినప్పటి నుంచీ ఉండేది, ఎవరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగలేదు.

నన్ను పిలిచిన ఆర్టిస్టమ్మ హైదరాబాదు పిల్ల. ముప్పై కూడా ఉండవు. ధర్మాబాద్ దాటాక గోదావరి ఒడ్డున బాబ్లీ చుట్టుపక్కల తెలుగు ఊళ్లు ఉన్నాయి కదా, అక్కడ చలికాలమంతా తిరిగి అరవై మంది ఆడవాళ్ల దగ్గర తలా ఒక పాత చీర ముక్క అడిగి, వాళ్లతోనే పెద్ద బొంత కుట్టించింది. తలా ఒక పచ్చి మట్టి గాజు కూడా చేతికిచ్చి, లోపలి వైపు తమ గుర్తు ఏదైనా వేయమంది. ఆ గాజులను హైదరాబాదు తీసుకెళ్లి బట్టీలో కాల్చింది. ఒక్కోటి జొన్నరొట్టె అంత వెడల్పు, అప్పడమంత పలచన, లోపల దీపం పెడితే వెలుతురు బయటికి కనపడే పింగాణీ. బొంతను పందిరిలా పైన కట్టి, కింద అరవై గాజులు వేలాడదీసి, ఒక్కో గాజు నడుమ ఒక్కో బల్బు పెట్టాలి. అప్పుడు బొంత మీద అరవై వెలుతురు చక్రాలు పడతాయి. అదీ నా పని.

మొదటి రోజే ఆ పిల్ల ఒక గాజును విడిగా తీసి చూపించింది. లోపల గుండ్రటి అచ్చు ఒకటి ఉంది.

"ఇదేంటో చెప్పండి అంకుల్."

"సున్నం డబ్బీ మూత," అన్నాను. తంబాకు నమిలేవాళ్ల మధ్య బతికినవాణ్ణి, తెలియదా!

"కరెక్ట్! ఆవిడ భర్తది. ఆయన పేరు రాయనా అంటే, మొగుని పేరు ఎట్ల చెప్తనమ్మా అని సిగ్గుపడి, ఆయన డబ్బీ తెచ్చి ఒత్తింది."

ఆ భర్తకు కడుపులో గడ్డ. ఆపరేషన్ చేయకపోతే దక్కడని నాందేడ్ డాక్టర్లు చెప్పారు. కోస్తే దక్కడని ఆవిడ పట్టు. బట్టీలో కొన్ని గాజులు పగిలిపోవచ్చని ఆర్టిస్టమ్మ ముందే చెప్పింది కదా, ఆవిడ దాన్ని పట్టుకుని మొక్కుకుంది: నా గాజు పగలకుండా వస్తే ఆయన్ను కోయిస్తాను, లేకపోతే లేదు. గాజు చుక్కంత గీత లేకుండా వచ్చింది. ఆర్టిస్టమ్మ ఫోటో పంపింది. ఆవిడ ఆ ఫోటోను భర్తకు చూపించి, మర్నాడే దవాఖానలో చేర్పించింది. ఆపరేషన్ సోమవారం. మేళా తెరిచేది శనివారం.

"శనివారం దవాఖాన నుంచి వచ్చి చూసిపోతుందట. జాగ్రత్త అంకుల్," అంది ఆర్టిస్టమ్మ. ఆ మాట నాకు బాగానే వినపడింది. నేను చెవిటివాణ్ణని చెప్పుకోవడానికి లేదు.

నాతో పనికి పాత స్నేహితుణ్ణి పెట్టుకున్నాను. రైల్వేలో నా దగ్గర ఖలాసీగా చేసిన భాయ్. నిచ్చెన ఎక్కమంటే మోకాళ్లు అంటాడు, కింద నిలబడి సలహాలు చెప్పమంటే ఏ నొప్పీ ఉండదు. గురువారం మధ్యాహ్నానికి అరవై ఎల్ఈడీ బల్బులు వెలిగించాం. ఆర్టిస్టమ్మ తలెత్తి చూసి మొహం ముడిచింది.

"తెల్లగా ఉంది. ఆస్పత్రిలా ఉంది. నాకు పసుపు కావాలి అంకుల్. హైదరాబాదు నుంచి పసుపువి తెప్పిస్తున్నాను, రేపు సాయంత్రం బస్సులో వస్తాయి. అప్పటిదాకా ఆగండి."

ఆగండి. నా జన్మలో నాకు పడని మాట అదొక్కటే. బండి కదిలేలోపు లైటు వెలగాలనే తొందరలో ముప్పై మూడేళ్లు బతికితే రక్తంలో అదే పరుగు మిగులుతుంది. శుక్రవారం పొద్దున ఆ పిల్ల ఆడవాళ్లకు జీపులు మాట్లాడటానికి ఊళ్లకు పోయింది. నేను హాల్లో అటూ ఇటూ తిరిగాను. చల్లారిన తెల్ల బల్బులను చూశాను. గడియారం చూశాను. మళ్లీ తిరిగాను. పదకొండు గంటలకు బజారుకు పోయి అరవై జీరో బల్బులు తెచ్చాను.

"సబర్ కరో ఉస్తాద్," అన్నాడు భాయ్. "శామ్ కో ఆతేచ్ హై నా!"

"సాయంత్రం దాక ఏం పీకుతం? ఒకసారి పసుపు ఎట్లుంటదో సూద్దాం. ఆమె రాంగనే మారుద్దాం."

జీరో బల్బు పేరుకే జీరో, తినేది పదిహేను వాట్లు. అరవై పెడితే తొమ్మిది వందలు. ఆ లెక్క నాకు నిద్రలో అడిగినా వస్తుంది, ఆ రోజు మాత్రం నన్ను నేను అడగలేదు. వెలిగించాక మాత్రం, నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది. బొంత మీది ఎర్ర చీర ముక్కలు, ఆకుపచ్చ ముక్కలు కుంపటి పక్కన కూర్చున్నట్టు మెరిశాయి. భాయ్ కూడా సలహాలు మాని తలెత్తి చూశాడు. ఆ సంతోషంలో మూడు గంటల పాటు ఆర్పకుండా ఉంచేశాను.

నాందేడ్ ఎండాకాలం, రేకుల కప్పు. హాలు మేనేజరు లోపలికి వచ్చి, "కిత్తీ ఉకడతయ్ రే!" అని చెమట తుడుచుకుంటూ, పెళ్లిళ్లకు పెట్టే పెద్ద కూలరును మా వైపు తిప్పి బటన్ నొక్కాడు. ఆ కూలరు గాలితో పాటు నీళ్లు కూడా చిమ్మే రకం. చల్లగా తుంపర మొహానికి తగిలింది, ఆహా అనుకున్నాను. ఆ వెంటనే టిక్ మంది. మళ్లీ టిక్. నేను స్విచ్చు దాకా పరుగెత్తేలోపు నాలుగు గాజులు పగిలి నేలమీద పడ్డాయి. వంగి ఏరాను. మూడోదాంట్లో సున్నం డబ్బీ అచ్చు ఉంది.

మేనేజరు తప్పేమీ లేదు. చెమట పట్టినవాడు కూలరు పెట్టుకున్నాడు.

"బోల్ దేవ్ ఉస్తాద్. టూట్ గయే బోలో, అబ్బీ బోలో," అని, పగిలాయని వెంటనే చెప్పమంటూ భాయ్ నా ఫోను నా చేతిలో పెట్టాడు. చేశాను.

"అమ్మా, ఒక మాట. గాజులు నాలుగు పెరిగినయి."

అటువైపు జీపు మోత. "ఏంటి అంకుల్? పెరిగాయా?"

"ఆ. పెరిగినయి."

"అబ్బ, థాంక్ గాడ్! ఒకటి రెండు పోతే స్పేర్ లేవని భయపడుతున్నా, బట్టీ వాళ్లు ఇంకో నాలుగు పంపారన్నమాట. ఎక్స్‌ట్రా ఉన్నవి కూడా కట్టేయండి అంకుల్, బాగుంటుంది!"

ఫోను పెట్టేసింది.

మీలో చాలామందికి కూడా తెలియకపోవచ్చు. మా ఇళ్లలో గాజులు పగలవు, పెరుగుతాయి. పుస్తె తెగదు, పెరుగుతుంది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మా మరాఠీ ఇరుగుపొరుగు కూడా అంతే, కొబ్బరికాయ కొట్టడాన్ని, దుకాణం మూయడాన్ని పెంచడమే అంటారు. చెడ్డమాట నోట రాకూడదని పెద్దవాళ్లు పెట్టుకున్న మర్యాద. నిండు మంగళ కార్యాలయంలో నిలబడి, ఒక ఆడది మొక్కుకున్న గాజును పగిలిందనడానికి నాకు నోరు రాలేదు. అంతవరకు నా తప్పు లేదనుకోండి. కానీ ఆ పిల్లకు అర్థం కాలేదని నాకు అర్థమైంది. మళ్లీ ఫోను చేయడానికి అర నిమిషం పట్టదు. సిగ్నల్ పోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చేతిలో ఫోనేమో నిండుగా నాలుగు గీతలు చూపిస్తోంది.

ఆ సాయంత్రం నేను తిరిగిన తిరుగుడు చెబితే నవ్వుతారు. గాజుల బజారులో అడిగాను, టైల్సు దుకాణంలో అడిగాను, దంతాలు కట్టే డాక్టరు దగ్గరకు కూడా పోయి పింగాణీ అతుకుతుందా అని అడిగాను. ఆయన నన్ను నోరు తెరవమన్నాడు. చివరికి హార్డ్‌వేర్ షాపులో రెండు గొట్టాల జిగురు తెచ్చి నాలుగింటినీ అతికించాను. ఈలోపు బస్సులో పసుపు ఎల్ఈడీలు కూడా వచ్చాయి. అన్నీ మార్చి వెలిగించాను. బయటి నుంచి చూస్తే అతుకు తెలియదు. లోపల వెలుతురు పడితే మాత్రం జిగురు నల్లటి గీతలా కనపడుతోంది. దీపం ఆర్పితే గీత కనపడదు. కానీ అరవైలో తన ఒక్కదాన్లోనే దీపం లేదని చూస్తే ఆవిడ ఏమనుకుంటుంది? వెలిగిస్తే పగులు, ఆర్పితే అంతకన్నా చెడ్డ శకునం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శనివారం పొద్దున ఆర్టిస్టమ్మ వచ్చీ రాగానే, "ఎక్స్‌ట్రావి ఏవి అంకుల్?" అంది. చూపించాను. ఆ పిల్ల నల్ల గీత వైపు వేలు చూపించింది.

"పెరిగాయి అంటే... పగిలాయి అనా?"

"మా దిక్కు గట్లనే అంటరమ్మా."

"మీ దిక్కు అంటారు సరే. నాకు అర్థం కాలేదని మీకు తెలుసు కదా? థాంక్ గాడ్ అన్నాను కదా ఫోన్లో?"

ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి, చిన్న గొంతుతో అంది: "ఆవిడ వచ్చినప్పుడు మొత్తం లైను ఆపేయండి. ఫ్యూజు పోయిందని చెబుదాం. సోమవారం గడిచేదాకా ఎలాగోలా."

తప్పు ఆలోచన అని ఎలా అంటాను? ఒక మనిషి ప్రాణం గదా. సరేనని స్విచ్చు పక్కన నిలబడ్డాను.

పదకొండు గంటలకు జనం వచ్చారు. కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన ఆ పగిలిన గాజు దగ్గరే చాలాసేపు నిలబడి, ఆ గీత ఎంత లోతైన భావమో పక్కావిడకు వివరించాడు. జీపుల్లో ఆడవాళ్లు దిగారు. ఎవరి గాజు వాళ్లు వెతుక్కుంటూ, వేళ్లతో చూపించుకుంటూ, కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతూ హాలంతా పెళ్లిలా చేశారు. అప్పుడు ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో దవాఖాన కాగితాల ప్లాస్టిక్ సంచి.

"నాది ఏడున్నదమ్మా?"

ఆర్టిస్టమ్మ నా వైపు చూసింది. వేలు స్విచ్చు మీదే ఉంది. నొక్కలేకపోయాను. ధైర్యమూ కాదు, ధర్మమూ కాదు. ఇన్నేళ్లూ మనుషులు ఉన్నచోట వెలిగించడానికి జీతం తీసుకున్న చెయ్యి, మనుషులు చూస్తుండగా ఆర్పమంటే వినలేదు. ఆవిడ తలెత్తి ఒక్కో గాజే చూసుకుంటూ వచ్చి సున్నం డబ్బీ అచ్చు దగ్గర ఆగింది. నల్ల గీత కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

వెంట వచ్చిన తోటికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పెరిగింది గదనే!"

"పెరిగింది," అంది ఆవిడ. గొంతులో ఏడుపు కూడా లేదు. "నేను ముందుగాలనే అనుకున్న. జీపు ఎప్పుడు మర్లుతది? ఆయనను ఇంటికి తోల్కపోత."

పెరిగింది. ఆ మాట ఆవిడ నోట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది, ఆవిడ మీద కాదు. మా రైల్వే రిజిస్టరులో కూడా ముప్పై మూడేళ్లు ఇలాగే రాశాం. బల్బు పోయింది. వైరు కాలింది. ఫ్యూజు ఎగిరింది. అన్నీ వాటంతట అవే పోయేవి, కాలేవి, ఎగిరేవి. ఎవరి చేయీ ఉండేది కాదు. గాజు కూడా దానంతట అదే పెరిగిందంటే మరి పెంచింది ఎవరు? దేవుడే. దేవుడే పెంచాడనుకుంటే ఆవిడ మొగుణ్ణి తీసుకుపోక ఏం చేస్తుంది?

"పెరగలే బిడ్డా," అన్నాను. గట్టిగానే వచ్చినట్టుంది, నలుగురూ తిరిగారు. "పలిగింది. నేను పలగొట్టిన."

"నువ్వెవలు?"

"లైట్ల ఫిట్టర్ను."

"నా గాజును నువ్వెందుకు పలగొడ్తవు?"

"ఆగుమన్నరు, ఆగలే. వేడి బల్బులు తెచ్చి పెట్టిన. కూలర్లకెళ్లి నీళ్లు వడ్డయి. కాగిన కందిలి సీస మీద సల్లనీళ్లు పడితె ఏమైతది?"

ఆవిడ నన్నే చూస్తోంది. "పటుక్కున పలుగుతది."

"గదే అయింది. దేవుడు లేడు అండ్ల. నేనే ఉన్న."

ఆవిడ మొహంలో ఒక్కసారిగా రంగు వచ్చింది. తర్వాత పది నిమిషాలు నేను తిన్న తిట్లు మా నాయన కూడా తిట్టలేదు. "నీ చేతుల మన్నువడ! ఆగుమంటె ఆగనీకి ఏమాయె నీకు? తల నెరిసింది, ఇంక పోరనివా?" అని మొదలుపెట్టి నా వంశంలో ఎవర్నీ వదల్లేదు. పుణె వాళ్లు కూడా చుట్టూ చేరి విన్నారు. నాకు సిగ్గుగా ఉంది, దానికింద ఏదో హాయిగా కూడా ఉంది. ఊపిరి తీసుకోవడానికి ఆగి, సన్నగా అడిగింది:

"నిజంగ నువ్వేనా? నా మనసు నిలవెట్టనీకి చెప్తున్నవా?"

నేను నోరు తెరిచేలోపే నిచ్చెన పక్క నుంచి భాయ్ అన్నాడు. "ఇనోచ్ తోడే బహెన్. ఠైరో బోలా మై. సునేచ్ నై."

ఆగమన్నా వినకుండా పగలగొట్టింది నేనేనని చెప్పడానికి అంతకన్నా మంచి సాక్షి లేడు. ఆవిడ సంచి సర్దుకుంది. "నడువు. ఆయనకు నువ్వే చెప్పు."

దవాఖానకు పోయేసరికి మేళాలోంచి ఎవరో ఆయనకు ఫోను చేసి గాజు పెరిగిందని చెప్పేశారు. ఆయన మంచం మీద చెప్పులేసుకుని కూర్చున్నాడు, ఇంటికి పోవడానికి. జరిగిందంతా మళ్లీ చెప్పాను. నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నువ్వేనా ఫిట్టరువు?"

"నేనే పటేలా."

"గాజు నీ పనేనా?"

"నా పనే."

"అయితె మీద ఫ్యాను సూడు జర. రెండు దినాలసంది తిరుగుతలేదు. గడ్డ కంటె ముందు గాలి లేక సచ్చేటట్టున్న."

స్టూలు ఎక్కాను. ఊడిన వైరు బిగిస్తుంటే నర్సమ్మ వచ్చి, "కాకా, ఖాలీ ఉత్రా!" అని దిగమని కేకలేసింది. ఫ్యాను తిరిగాక దిగాను. ఆయన చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు. ఆయన సంగతి దాచి మిమ్మల్ని ఊరించను. ఇప్పుడు బాగానే ఉన్నాడు, పొలం పోతున్నాడు. ఆర్టిస్టమ్మ మాత్రం నన్ను మళ్లీ ఏ పనికీ పిలవలేదు. మేళా అయిపోయి సామాన్లు సర్దుకునేటప్పుడు, "అంకుల్, ఇంకెవరికైనా సరే వాళ్లకు తెలిసిన మాటల్లో చెప్పండి," అని మర్యాదగా అని వెళ్లిపోయింది. ఆ పిల్లను తప్పు పట్టను.

సోమవారం నన్నెవరూ రమ్మనలేదు. ఇంట్లో నిలవలేక పోయాను. ఆపరేషన్ గది బయట వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. ఆవిడ నన్ను చూసింది, పలకరించలేదు. మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి, మరాఠీలో నాలుగు ముక్కలు ఆవిడకు చెప్పి, చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ నా దగ్గరకు వచ్చింది.

"డాక్టరు ఏమన్నడో ఇన్నవా?"

"ఇన్న. నీకు మరాఠీ వస్తది గద?"

"నీ కంటె మంచిగొస్తది. గని నువ్వు చెప్పు ఒక్కసారి. నువ్వైతె ఉన్నదున్నట్టు చెప్తవు."

శుక్రవారం ఫోనులో నేను చేసిన పని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నా నాలుక చివర 'అంత మంచిగైంది' అనే మాట సిద్ధంగా ఉంది. దాన్ని మింగాను.

"గడ్డ తీసిన్రు. మనిషి ఉన్నడు. ఇంక కండ్లు తెరువలే. రెండు దినాలు పోతె గని ఏం చెప్పలేమంటున్నరు."

"మంచిగైతడంటలేరా?"

"అంటలేరు. కాడని గూడ అంటలేరు."

ఆవిడ తల ఊపింది. గోడ పక్కన నేలను కొంగుతో దులిపి కూర్చుంది. కాగితాల సంచి తీసి అవతల పెట్టి, పక్కన ఇంకొకరికి చోటు చేసింది.

"రెండు దినాలంటె శానసేపు. కూసో కాకా."

కూర్చున్నాను.